పేరడగని పరిచయం: బంధం వద్దనుకునే ఇద్దరి మీద పాట రాయడం, మెట్టు మెట్టుగా

ఇద్దరు కలుస్తారు. ఒకరికొకరు నచ్చుతారు. ఒక రాత్రో, నాలుగు వారాలో కలిసి గడుపుతారు. కానీ ఇద్దరిలో ఒకరికి, లేదా ఇద్దరికీ, దాన్ని ప్రేమ అని పిలవడం ఇష్టం ఉండదు. ఈ విషయం మీద పాట రాయాలని చాలామంది కూర్చుంటారు. రాసిన పాట రెండు గోతుల్లో ఒకదానిలో పడుతుంది. ఒకటి గొప్పలు చెప్పుకోవడం: "నన్నెవరూ కట్టిపడేయలేరు" అన్న ధోరణి. రెండోది, రెండో చరణం వచ్చేసరికి మామూలు విరహ గీతం అయిపోవడం. రెండిట్లోనూ అసలు విషయం జారిపోతుంది. బంధం వద్దన్న మనిషి ఆ వద్దుకి ఏదో ఒక ధర చెల్లిస్తాడు. ఆ ధర ఎంతో పాట చెప్పకూడదు, వినేవాళ్ళకి తెలియాలి. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క పని ఎలా చేయాలన్నదే.

తెలుగు పాటకి ఇది కొత్త విషయమేమీ కాదు. 17వ శతాబ్దపు కవి క్షేత్రయ్య రాసిన పదాల్లో, అంటే శృంగార గీతాల్లో, నాయిక ఎంత సూటిగా మాట్లాడుతుందో చదివినవాళ్ళకి తెలుసు. ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్రం రాసినవాళ్ళు, నాయికల్ని స్వీయ (భార్య), పరకీయ (పరాయి స్త్రీ), సామాన్య (వేశ్య) అని విడదీసినప్పుడే పెళ్ళికి బయట ఉన్న సంబంధాలకి పాటలో చోటు దొరికింది. తర్వాత వచ్చిన జావళి అనే పాట రకం అదే శృంగారాన్ని ఇంకా తేలిగ్గా, చురుకైన నడకలో చెప్పింది. పదం నెమ్మదిగా సాగుతుంది, జావళి గబగబా నడుస్తుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, బాణీ దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

మొదటి మెట్టు: ఎవరు, ఎవరితో మాట్లాడుతున్నారు

కలం పట్టుకోకముందే ఇది తేల్చుకోవాలి. పదాల్లో నాయిక కొన్నిసార్లు నాయకుడితోనే మాట్లాడుతుంది, కొన్నిసార్లు సఖితో చెప్పుకుంటుంది. ఈ రెండు దారులూ మీకూ ఉన్నాయి. ఎదుటి మనిషితో మాట్లాడితే పాటలో కొంత నటన తప్పదు. ఎందుకంటే ఎదురుగా ఉన్నవాళ్ళ ముందు ఎవరూ పూర్తి నిజం చెప్పరు. స్నేహితురాలితోనో స్నేహితుడితోనో చెబితే నిజం కాస్త ఎక్కువ బయటికొస్తుంది. తనలో తాను పాడుకుంటే ఇంకా ఎక్కువ. నా అనుభవంలో ఈ విషయానికి మొదటి దారే బాగా పనిచేస్తుంది. ఆ నటనలోనే రసం ఉంది. పైకి "నాకేం పట్టదు" అంటూ ఏదో ఒక మాట దగ్గర తడబడే గొంతుని వినేవాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

తర్వాత పరిస్థితి ఎంచుకోండి. ఇద్దరూ తెలిసే, ఒప్పుకునే వచ్చారా? ఒకరు మెల్లగా మెత్తబడుతున్నారా? పాడే మనిషి భయపడి పారిపోతున్నారా? లేక అంతా అయిపోయాక గుర్తుచేసుకుంటున్నారా? ఒక పాటకి ఒకటే. రెండు కలిపితే గొంతు ఎవరిదో తెలియదు.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. పాటలో ఉన్న ఇద్దరూ పెద్దవాళ్ళు, ఇద్దరూ ఇష్టపడి వచ్చినవాళ్ళు కావాలి. ఒకరి "వద్దు"ని "అవును"గా తీసుకునే వాక్యం ఎంత అందంగా కుదిరినా కొట్టేయండి. తుమ్మెద, పువ్వు పోలిక కూడా ఇక్కడ వాడొద్దనే అంటాను. మన కవిత్వంలో అది చాలా పాత పోలిక, కానీ ఆ పోలికలో పువ్వుకి నోరు లేదు. తుమ్మెద వస్తుంది, తాగుతుంది, పోతుంది. మనం రాసే పాటలో రెండో మనిషికీ ఇష్టాయిష్టాలు ఉండాలి.

రెండో మెట్టు: ఎందుకు వద్దో ఒక వాక్యంలో రాసుకోండి

ఈ వాక్యం పాటలోకి రాదు, మీ కాగితం మీదే ఉండిపోతుంది. "ఇంతకుముందు ఒకరిని నమ్మి దెబ్బతిన్నాను." "మూడు నెలల్లో ఊరు మారిపోతున్నాను." "ఇంట్లో నా మీద ఆధారపడినవాళ్ళు ఉన్నారు, ఇంకొకరిని మోయలేను." "నాకు ఇలాగే బాగుంది, అంతే." చివరిది కూడా నిజమైన కారణమే. ప్రతి ఒంటరి మనిషి వెనకా ఒక గాయం ఉండి తీరాలని లేదు. కానీ కారణం ఏదో మీకు తెలియకపోతే, పాడే మనిషి మాటలు గాలిలో తేలిపోతాయి.

పారిపోయే మనిషి గురించి రాస్తుంటే మనస్తత్వ శాస్త్రంలో ఒక విషయం బాగా ఉపయోగపడుతుంది. మేరీ ఐన్స్‌వర్త్ అనే పరిశోధకురాలు ఏడాది వయసు పిల్లల్ని గమనించినప్పుడు, కొందరు తల్లి గదిలోంచి వెళ్ళిపోయినా పట్టనట్టు ఆడుకుంటూ ఉండిపోయారు. తల్లి తిరిగొచ్చినా ముఖం తిప్పుకున్నారు. తర్వాతి పరిశోధకులు అలాంటి పిల్లల గుండె వేగాన్ని కొలిచి చూస్తే, పైకి కనిపించని ఆందోళన లోపల ఉందని తేలింది. 1987లో హేజన్, షేవర్ అనే ఇద్దరు ఈ ఆలోచనని పెద్దవాళ్ళ ప్రేమలకి అన్వయించారు. పాట రాసేవాళ్ళకి ఇందులో ఒక పనిముట్టు దొరుకుతుంది. మాటలు పట్టనట్టు ఉండాలి, తాళం గుండెలా కొట్టుకోవాలి. ముఖం ఒకటి చెబుతుంటే ఒళ్ళు ఇంకొకటి చెప్పడం పాటలో సాధ్యం. కథలో అంత తేలిక కాదు.

మూడో మెట్టు: మాటల సంచి

ఈ పాటకి తెలుగు ఇచ్చే సాయం ఇంతా అంతా కాదు. ఈ మెట్టు దగ్గర తొందరపడకండి.

ముందు "మనం". తెలుగులో "మేము" అంటే ఎదుటి మనిషి బయట ఉన్నట్టు, "మనం" అంటే లోపల ఉన్నట్టు. "మనం" అన్నారంటే మీరిద్దరూ ఒకటని ఒప్పేసుకున్నట్టే. బంధం వద్దనే మనిషి నోట ఆ మాట రాకూడదు. పాటంతా "నేను", "నువ్వు" విడివిడిగా నడవాలి. చివర్లో ఎక్కడో ఒకచోట "మనం" జారితే అదే పగులు. దాన్ని వాడాలనుకుంటే ఒక్కసారే వాడండి. నేను పాట పూర్తయ్యాక "మన"తో మొదలయ్యే మాటలన్నీ గుండ్రంగా చుట్టి, ఒక్కొక్కటీ కావాలని వచ్చిందా, అలవాటుకొద్దీ వచ్చిందా అని చూసుకుంటాను. "మనసు"ని కూడా చుట్టేస్తాను, అది వేరే కారణానికి. ఆ మాట ఎక్కడ పెట్టినా పాట సగం పని మానేస్తుంది.

రెండోది వీడ్కోలు. మనం గుమ్మం దాటేటప్పుడు "వెళ్తాను" అనం, "వెళ్ళొస్తాను" అంటాం. తిరిగి వచ్చే ఉద్దేశం లేకపోయినా అంటాం. కాబట్టి ఒక పాత్ర "వెళ్తా" అని ఊరుకుంటే తెలుగు చెవికి అక్కడ చల్లగా తగులుతుంది. అదే మనిషి రెండో చరణంలో పొరపాటున "వెళ్ళొస్తా" అంటే, ఒక్క మాటతో కథ మారిపోతుంది. ఇంత చిన్న మాటలో ఇంత పెద్ద మలుపు ఊరికే దొరకదు, దాన్ని పాట మధ్యలో వృథా చేయకండి.

మూడోది "వద్దు, లేదు, కాదు". మూడూ నిరాకరణే కానీ మూడూ వేరు. "పేరు వద్దు" అంటే అది నా నిర్ణయం. "పేరు లేదు" అంటే అది పరిస్థితి. "ఇది ప్రేమ కాదు" అంటే వాదన, ఎవరో అడిగితేనే ఇచ్చే జవాబు. వద్దుతో మొదలై లేదుతో ముగిసే పాటలో మనిషి చేతిలోంచి పగ్గాలు జారిపోయినట్టు వినిపిస్తుంది. కింద రాసిన నమూనాలో "వద్దు" అన్న మాట లేకపోయినా "అడగను, అడగకు"తో నేను ఆ దారే పట్టాను.

బంధం చుట్టూ ఉన్న మాటల్ని ఒక వరసలో రాసుకోండి: పరిచయం, ఇష్టం, చనువు, సరసం, మోహం, వలపు, మమకారం, బంధం. మీ పాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గీత గీయండి. గీత దాటిన మాటలు వాడకూడదు. "రేపు", "ఎప్పటికీ", "జన్మజన్మల" లాంటివి ఎలాగూ రావు.

ఇంకో సౌకర్యం. తెలుగు క్రియలో ఆడ, మగ తేడా "వచ్చాడు, వచ్చింది" దగ్గరే తెలుస్తుంది. "వచ్చాను, వచ్చావు" అంటే ఎవరైనా కావచ్చు. నేను, నువ్వుల్లోనే పాట నడిపితే ఎవరు ఎవరికి పాడినా సరిపోతుంది.

నాలుగో మెట్టు: ఒక వస్తువు

ఒక్కటి చాలు. బోర్లా పెట్టిన ఫోన్, కుర్చీకి వేలాడే చొక్కా, రెండో కప్పు, తలుపు తాళంచెవి, ఏదైనా సరే. అది పాటలో రెండుసార్లు కనిపించాలి. రెండోసారి వచ్చేసరికి దాని అర్థం మారిపోవాలి. నేను చేతి వాచీ తీసుకున్నాను. మొదట అది బోర్లా ఉంటుంది, అంటే టైమ్ చూడదలచుకోలేదు. రెండోసారి అది మర్చిపోయిన వాచీ.

శరీరాల గురించి ఎంత చెప్పాలన్నది మీ ఇష్టం. పాత్ర నోట సహజంగా వచ్చేంతే చెప్పండి, అంతకు మించి అలంకారం వద్దు.

ఐదో మెట్టు: పల్లవి

పల్లవి పని ఒకటే, షరతులు చెప్పడం. మొదటిసారి నేను ఇలా రాశాను:

నాకు వద్దు ఏ బంధం
నాకు వద్దు అనుబంధం

ఇందులో మనిషి కనిపించడు. "బంధం, అనుబంధం" అనగానే చెవి నిద్రపోతుంది. ఒకే మాటకి ముందు ఒక ఉపసర్గ తగిలించి ప్రాస అనుకోవడం కూడా సోమరితనమే. ఇద్దరు మనుషులు నిజంగా ఏమని ఒప్పందం చేసుకుంటారు? పేరు అడగొద్దు, ఊరు అడగొద్దు. దాన్నే రాశాను:

పేరడగను నేను, ఊరడగకు నువ్వు
తెల్లవారు దాక చాలు ఒక్క నవ్వు

మాత్రలు, అంటే అక్షరం పలికే కాలపు కొలతలు, లెక్కపెట్టి చూడండి. హ్రస్వానికి 1, దీర్ఘానికి 2, జంటక్షరానికి ముందున్న అక్షరానికి 2, సున్నా ఉన్నదానికి 2. పేర, డగను, నేను, ఊర, డగకు, నువ్వు: ఆరు ముక్కలు, ఒక్కొక్కటి 3 మాత్రలు, మొత్తం 18. రెండో పాదమూ అంతే. అంటే ఇది తిశ్ర గతి, మూడు మాత్రల నడక. చతురశ్రంలో ముక్కకి 4, ఖండలో 5, మిశ్రంలో 7. తిశ్రం ఊయలలా ఊగుతుంది. పట్టనట్టు తిరిగే మనిషికి ఆ ఊపు బాగా నప్పుతుంది. ఖండలో రాస్తే అడుగు తడబడినట్టు ఉంటుంది, పారిపోయే పాత్రకైతే అది ఇంకా బాగుండొచ్చు. రాసి చూస్తేనే తెలుస్తుంది.

ఆరో మెట్టు: చరణాలు

మొదటి చరణం మొదటి చిత్తు:

చేతి వాచి తీసి బోర్ల పెట్టినావు
టైము చూడకుండ మాటలాడినావు

మాత్రలు సరిపోయాయి, బొమ్మ కూడా ఉంది. కానీ చివర "నావు, నావు". తెలుగులో క్రియ వాక్యం చివరికి వస్తుంది కాబట్టి ఏ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టినా ఇలాంటి అంత్యప్రాస దానంతట అదే పడుతుంది. కష్టపడకుండా దొరికిన ప్రాసకి చెవిలో విలువ ఉండదు. మందు ఏమిటంటే, క్రియని లోపలికి తోసి పాదాన్ని నామవాచకం మీద ఆపడం, లేదా వాక్యాన్ని పూర్తికాకుండా వదిలేయడం.

బల్ల మీద బోర్ల ఉన్న చేతి వాచి
అడిగినాను టైము, నవ్వినావు దాచి

ఇప్పుడు వాచీ ముందుకొచ్చింది. నవ్వులో ఏం దాచారో తెలియదు. టైమేనా, ఇంకేదైనానా? వినేవాళ్ళకి వదిలేశాం.

రెండో చరణంలో పగులు రావాలి. అది పెద్ద ఏడుపు కాకూడదు, ఒక చిన్న ఇబ్బందిగా రావాలి. నాకు దొరికింది ఇది: మర్చిపోయిన వాచీ తిరిగి ఇవ్వాలి, కానీ ఎవరికని ఇవ్వాలి?

వాచి ఉండిపోయె, నువ్వు ఉండలేదు
పిలవబోతె నాకు పేరు తెలియలేదు

ఇక్కడ మళ్ళీ క్రియలే చివర్న వచ్చాయి, "లేదు, లేదు". ఇప్పుడే వద్దన్నాను కదా అంటారు. ఈసారి కావాలనే పెట్టాను. మొదటి "లేదు" మనిషి లేకపోవడం, రెండోది ఆ మనిషిని పిలిచే దారి లేకపోవడం. ఒకే మాట రెండుసార్లు తలుపు మూసినట్టు పడాలి. పల్లవిలో దర్జాగా పెట్టుకున్న షరతే ఇక్కడ అడ్డం తిరిగింది. "బాధగా ఉంది" అన్న మాట ఎక్కడా లేదు, అవసరమూ రాలేదు.

ఇక పల్లవి తిరిగి రావాలి. చాలామంది ఉన్నదున్నట్టు మళ్ళీ పాడించేస్తారు. అర్థం మారాక మాట కూడా కాస్త కదలాలి, మరీ ఎక్కువ కాదు:

పేరడగని నేను, ఊరడగని నువ్వు
తెల్లవారినాక ఏది ఒక్క నవ్వు

"అడగను" అన్నప్పుడు అది పంతం. "అడగని" అన్నప్పుడు అది జరిగిపోయిన విషయం. ఒక్క అక్షరం మారింది. ఈ నాలుగు పాదాల కోసం నేను రెండు నెలలు తిరిగాను. "ను" పక్కన "ని" పెట్టొచ్చని తట్టిన రోజు ఎంత సంతోషం వేసిందో మాటల్లో చెప్పలేను.

ఏడో మెట్టు: బాణీలో కూర్చోబెట్టడం

ముక్కకి ఒక దెబ్బ చొప్పున పాదానికి ఆరు దెబ్బలు. నిమిషానికి 90 దెబ్బల వేగంలో పాదం 4 సెకన్లలో అయిపోతుంది. 60కి దింపితే 6 సెకన్లు పడుతుంది, 120కి పెంచితే 3. అవే మాటలు 120లో సరదాగా, జావళిలా వినిపిస్తాయి. 60లో అదే "చాలు ఒక్క నవ్వు" బతిమాలుకున్నట్టు ఉంటుంది. నేను 100 దగ్గర మొదలుపెట్టి, రెండో చరణంలో వేగం తగ్గించకుండా వాయిద్యాలు మాత్రమే తగ్గిస్తాను. వేగం తగ్గిస్తే "ఇక ఏడవండి" అని వినేవాళ్ళకి సైగ చేసినట్టు ఉంటుంది. గుండె మాత్రం అదే వేగంలో కొట్టుకుంటూ ఉండాలి.

గురువులన్నీ, అంటే 2 మాత్రల అక్షరాలన్నీ, ఒకటి కావన్నది కొత్తగా రాసేవాళ్ళు ఆలస్యంగా తెలుసుకుంటారు. "నే", "వా" దీర్ఘాలు, ఎంతసేపైనా సాగుతాయి. "నవ్వు"లో "న" జంటక్షరం వల్ల గురువైంది, దాన్ని సాగదీస్తే "నావ్వు" అవుతుంది. కాబట్టి పొడుగు స్వరం దీర్ఘం మీదే పడేలా చూడండి. నమూనాలో పాదాలు "నువ్వు, నవ్వు" అని టక్కున ఆగుతాయి. పట్టుకుని ఉండడం ఇష్టంలేని మనిషి గొంతుకి అలా ఆగడమే సరైంది.

హ్రస్వం మీద పొడుగు స్వరం పడితే అర్థమే తిరగబడొచ్చు. "పడు" కాస్తా "పాడు" అవుతుంది, "కల" "కాల" అవుతుంది. "మది"ని సాగదీస్తే "మాది" అని వినిపిస్తుంది. ఏదీ మాది కాదనే పాటలో ఎంత ప్రమాదమో ఆలోచించండి! బాణీ ముందే ఉండి మాటలు తర్వాత రాస్తుంటే, ప్రతి పొడుగు స్వరం కింద గీత గీసుకుని అక్కడికి దీర్ఘమే వెతకండి.

ఎనిమిదో మెట్టు: రెండో కుర్చీలో కూర్చుని వినడం

ఈ పాట తొలి రూపాన్ని ఒక స్నేహితురాలికి వినిపించాను. అంతా విని, "ఆ రెండో మనిషి ఏమంటోంది?" అని ఒక్కటే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అప్పటికి పల్లవిలో "పేరు చెప్పను నేను, పేరడగకు నువ్వు" అని ఉండేది. రెండు షరతులూ ఒకరివే. ఎదుటి మనిషికి ఏం కావాలో ఒక్కసారైనా ఆలోచించకుండా పాట మొత్తం రాసేశానని అర్థమై ఆ రాత్రి నిద్రపట్టలేదు. తర్వాత మొదటి సగాన్ని "పేరడగను" అని నా మీదికే తెచ్చుకున్నాను, వాచీని బోర్లా పెట్టే పనీ ఆ నవ్వూ అవతలి మనిషికి ఇచ్చాను. అప్పుడు గాని పాటలో ఇద్దరు కనిపించలేదు.

మీరు కూడా పాటని రెండో మనిషి వైపునుంచి ఒకసారి గట్టిగా చదవండి. ఆ మనిషి వింటే అవమానంగా అనిపించే మాట ఉందా? అది కావాలని పెట్టిందేనా? ఆ మనిషి చేసిన పని ఒక్కటైనా పాటలో ఉందా? యుగళగీతం చేయాలనుకుంటే మొదటి పల్లవి ఒకరు, చివరి పల్లవి ఇంకొకరు పాడితే చాలు, వాచీ మర్చిపోయినవాళ్ళకీ అదే ప్రశ్న మిగిలిందని తెలుస్తుంది.

రికార్డ్ చేసే రోజు ఇంకొకటి ప్రయత్నించండి. చివరి పల్లవిలో "ఏది ఒక్క" వరకు పాడించి, చివరి 3 మాత్రలు గొంతు లేకుండా వదిలేయండి. తాళం మాత్రం ఆగకూడదు. పల్లవి అప్పటికి రెండు మూడుసార్లు విని ఉంటారు కాబట్టి, ఆ "నవ్వు" వాళ్ళ నోటికే వస్తుంది.